పార్లే: ఊరి పేరు ధరించిన మిఠాయి యిల్లు

చరిత్ర యనగా రాజులు కట్టించిన కోటలు, గెలిచిన యుద్ధములు, వేయించిన శాసనములు అని మనము పాఠశాలలో నేర్చుకొంటిమి. అంగడిలో గాజు సీసాయందు రంగుకాగితములు చుట్టుకొని కూర్చుండు మిఠాయి బిళ్ళకు ఆ చరిత్రలో చోటు లేదు. పిల్లలు చప్పరించి మఱచిపోవు వస్తువునకు చరిత్ర యేమని పెద్దలు నవ్వుదురు. కాని ఒక కుటుంబము సొంత ఊరు విడిచి, భాష వేఱైన నగరమునకు వచ్చి, ఎఱుగని విద్య నేర్చుకొని, తరతరములుగా నిలిచిన కథ ఆ బిళ్ళలో ఇమిడి యున్నది. అట్టి కథ మనకు పరాయిది కాదు. మనలో కొందరు బొంబాయికి, షోలాపురమునకు, బెంగుళూరికి, మద్రాసుకు బ్రతుకు తెరువు వెదకికొనుచు వచ్చినవారి సంతతి. మఱికొందరు ఉన్న చోటనే యుండగా రాష్ట్రముల ఎల్లలు కదలి అన్యభాషా రాష్ట్రవాసులైనవారు. ఎటులైనను, ఒక ఊరిలో నుండి వేఱొక ఊరి పేరు మోయుట యేమో మనకు తెలియును. అందుచేతనే పార్లే మిఠాయి సంస్థ చరిత్రను మన వారి ముందుంచ దలచితిమి.

మొదట మిఠాయి మాట. మన దేశమునకు తీపి కొత్త కాదు. తిరునాళ్ళలో బెల్లపు పాకమును మేకునకు తగిలించి, సాగదీసి, మడిచి, మరల సాగదీసి చేయు జీళ్ళు, సంక్రాంతికి చెక్క అచ్చులలో పోయు పంచదార చిలకలు, దక్షిణపు జిల్లాలలో పండ్లకు పరీక్ష పెట్టు కమ్మరకట్టు మన పిల్లలు ఎఱిగినవే. కాని ఇవి ఆ పూటకో ఆ వారమునకో చేసికొనునవి. వాన గాలి తగిలిన జిగురెక్కును, ఈగ వాలును, ఒక్కొక్కటి ఒక్కొక్క తూకము. సీమ నుండి ఓడలలో వచ్చు మిఠాయి బిళ్ళ అటువంటిది కాదు. అన్నియు ఒకే తూకము, ఒకే రంగు, ఒకే వెల. కాగితము చుట్టి డబ్బాలో మూసిన నెలల తరబడి నిలువయుండును. అందుచేత అది దొరల బిడ్డలకును, కలవారి బిడ్డలకును సొంతమై, సామాన్యుని బిడ్డకు కంటికి కనబడు వస్తువేగాని చేతికి అందు వస్తువు కాకుండెను. 1905 లో పుట్టిన స్వదేశీ ఉద్యమము బట్టలతో మొదలై అగ్గిపెట్టెలు, సబ్బులు, పంచదార మొదలగు వానికి ప్రాకిన పిమ్మట, పిల్లల బిళ్ళ మాత్రము పరదేశపుదిగా నేల యుండవలెనను ప్రశ్న పుట్టుట సహజమే.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో ఒకడు మోహన్‌లాల్ దయాళ్ చౌహాన్. ఈయన స్వగ్రామము గుజరాతు దక్షిణ భాగమున వల్సాడు సమీపమునందలి పార్డీ. చిన్నతనముననే బొంబాయి చేరి కుట్టుపని నేర్చి, క్రమముగా బట్టల వ్యాపారములో, పట్టు వ్యాపారములో నిలదొక్కుకొనెను. మాణిక్‌లాల్, పీతాంబర్, నరోత్తమ్, కాంతీలాల్, జయంతీలాల్ అను ఐదుగురు కుమారులు ఆయనకు చేదోడయిరి. స్వదేశీ భావము తలకెక్కిన ఆ వ్యాపారి మిఠాయి విద్య నేర్చుటకు జర్మనీ దేశమునకు పోయి, పని తెలిసికొని, సుమారు 60 వేల రూపాయల విలువ గల యంత్రములతో తిరిగి వచ్చెనని ఆ సంస్థ వృత్తాంతము చెప్పుచున్నది. సూది దారములతో బ్రతుకు మొదలిడినవాడు నడివయసున పరభాషా దేశమునకు పోయి పాకము పట్టుట నేర్చుకొనుట సామాన్యమైన మాట కాదు. చేతిలో నున్న వ్యాపారము కూడు పెట్టుచుండగా కొత్త దానికి పూనుకొనువారు అరుదు.

1928, 1929 సంవత్సరములలో సంస్థ యేర్పడి కర్మాగారము మొదలయ్యెను. స్థలము బొంబాయి నగరములోనిది కాదు. నగరమునకు ఉత్తరమున, ఇర్లా, పార్లా అను పల్లెల నడుమ, రైలు మార్గమును ఆనుకొని యున్న ఒక పాత కట్టడము. అప్పటికి విలే పార్లే పొలములు, తోటలు గల శివారు పల్లె. 1950 లో గాని అది బొంబాయి నగరపాలక సంస్థ ఎల్లలలో చేరలేదు. కర్మాగారము వెలసిన మరుసటి సంవత్సరమే, 1930 ఉప్పు సత్యాగ్రహ కాలమున, అదే విలే పార్లేలో జమ్నాలాల్ బజాజు మొదలగువారు సత్యాగ్రహ శిబిరము నడపిరి. ఒక వైపు ఉప్పు, ఒక వైపు పంచదార. రెండును స్వదేశీ మాటనే పలికినవి.

కర్మాగారమున మొదట పనిచేసినవారు 12 మంది. అందరును చాల వఱకు ఇంటివారే. యంత్రము నడపువాడు, పాకము పట్టువాడు, కాగితము చుట్టువాడు, లెక్క వ్రాయువాడు వేఱువేఱుగా లేరు. ఉన్నవారే అన్ని పనులును చేసికొనిరి. వారి చేతినుండి వెలువడిన మొదటి సరుకు నారింజ రుచి గల మిఠాయి బిళ్ళ.

ఆ బిళ్ళ తయారగు విధము మన యింటి ఆడువారికి సగము తెలిసినదే. తీగ పాకము, ఉండ పాకము, ముదురు పాకము అని మనవారు వ్రేళ్ళ నడుమ పట్టి చూచి తేల్చునది అక్కడ ఉష్ణమాపకముతో తేల్చుదురు. పంచదారను నీటితో కరగించి, గ్లూకోసు ద్రవము చేర్చి, సుమారు 150 సెంటిగ్రేడు డిగ్రీల వఱకు కాచుదురు. అప్పటికి నీరు దాదాపు పూర్తిగా ఇగిరిపోవును. గ్లూకోసు ఏల యన్నచో, పంచదార యొక్కటే యైన చల్లారునప్పుడు మరల పలుకు కట్టి పొడిపొడి యగును. మన యిండ్లలో పాకమునందు నిమ్మరసము నాలుగు చుక్కలు పిండుటలోని రహస్యమును ఇదియే. కాగిన పాకమును చన్నీరు ప్రవహించు ఇనుప బల్లపై పోసి, కొంచెము చల్లారగనే రంగు, సువాసన, నిమ్మ ఉప్పు కలిపి, రొట్టె పిండివలె మడిచి మడిచి పిసుకుదురు. పిమ్మట దానిని లావు త్రాడుగా సాగదీసి, అచ్చుల నడుమ నడపిన బిళ్ళలు రాలును. అవి గాజువలె గట్టిపడును. గాలిలోని తేమ సోకినచో మరల జిగురగును గనుక వెంటనే కాగితము చుట్టవలెను. సముద్రతీరమున, నాలుగు నెలలు ఎడతెగని వానలు కురియు బొంబాయిలో ఈ పని చేయుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. చౌహాన్ కుటుంబము నేర్చిన విద్యలో సగము పాకమైన, సగము తేమతో పోరు.

ఇంక పేరు మాట. ఇదియే మాకు మిక్కిలి ముచ్చటయైన ఘట్టము. పనుల తొందరలో కర్మాగారమునకు పేరు పెట్టుట కూడ మఱచిపోయిరనియు, కడకు అది యున్న ఊరి పేరే దానికి నిలిచిపోయెననియు చెప్పుకొందురు. మోహన్‌లాల్ తన పేరు పెట్టలేదు. చౌహాన్ అను ఇంటిపేరు పెట్టలేదు. పుట్టిన పార్డీ పేరును పెట్టలేదు. తమకు చోటిచ్చిన పల్లె పేరు పెట్టెను.

మన తెలుగువారిలో ఆచారము దీనికి ఎదురుగా నుండును. మన ఇంటిపేర్లలో నెన్నియో ఊరి పేర్లే. అయినను అవి మనమున్న ఊరివి కావు, మన పెద్దలు విడిచివచ్చిన ఊరివి. గురజాడ అప్పారావు గారు విజయనగరమున జీవించిరి. గురజాడ కృష్ణా మండలములోనిది. కందుకూరి వీరేశలింగము గారు రాజమహేంద్రవరమున పుట్టిరి. కందుకూరు ఎక్కడనో దక్షిణమున నున్నది. ఇట్లు మనము విడిచిన ఊరిని వీపున మోసికొని పోవుదుము. చౌహాన్‌లు చేరిన ఊరిని నుదుట ధరించిరి. వేఱొక రీతియు మన బొంబాయి తెలుగువారికి తెలియును. నగరమున కట్టడపు పనులకై నిజాము రాజ్యపు తెలుగు సీమ నుండి వచ్చిన కామాటీలు నివసించిన పేటకు కామాటిపుర మను పేరు వచ్చినది. అచ్చట జనము పేరు నేలకు అంటుకొనెను. పార్లేలో నేల పేరు జనమునకు అంటుకొనెను.

పల్లె పేరు పెట్టుటలో వ్యాపారపు తెలివియు లేకపోలేదు. ఒక కులమును గాని ఒక భాషను గాని గుర్తుచేయని పేరు ఎల్లవారి వాకిళ్ళకును పోగలదు. మద్రాసులో బిళ్ళ కొనిన పిల్లవానికి అది గుజరాతీదో మరాఠీదో తెలియనక్కర లేదు. నేడు భారతదేశమున విలే పార్లే చూడనివారు కోట్ల కొలది; ఆ పేరు పలుకనివారు అరుదు.

మిఠాయితో మొదలైన ఇల్లు 1930వ దశకము చివర బిస్కత్తులకు దిగెను. గ్లూకో బిస్కత్తు పేరున వచ్చినది సీమ బిస్కత్తులకు దీటుగా నిలిచి, రెండవ ప్రపంచ యుద్ధ కాలమున సైనికులకు కూడ పోయెను. 1947 లో దేశవిభజన జరిగి గోధుమ పండు భూములు పెక్కు పాకిస్తానులో చేరగా, గోధుమపిండి కఱవాయెను. అప్పుడు సంస్థవారు యవల పిండితో బిస్కత్తులు చేసి, గోధుమ సరిగా దొరకు వఱకు వీనితో సరిపెట్టుకొనుడని ప్రకటనలలో జనులను కోరిరి. సరుకు తగ్గినప్పుడు దాచి అధిక వెలకు అమ్ముకొను వ్యాపారులు గల లోకమున ఈ నడత గుర్తుంచుకొనదగినది. 1980వ దశకము తొలి సంవత్సరములలో గ్లూకో పేరు పలువురు అనుకరించుటచే ఆ బిస్కత్తు పార్లే-జీ ఆయెను.

మిఠాయిలను మాత్రము వారు విడువలేదు. 1963 లో ఏలకుల వాసనగల కిస్మి, 1966 లో గుండ్రని పండ్ల బిళ్ళలను వరుసగా కాగితమున చుట్టిన పాపిన్స్, 1983 లో పైన పాల పాకము, లోపల చాక్లెట్టు గల మెలొడీ, 1986 లో మామిడి రుచి గల మ్యాంగో బైట్ వచ్చినవి. ఇందులో ఏలకి, మామిడి రెండును సీమవారి బిళ్ళలలో లేనివి. జర్మను యంత్రమున మన పెరటి రుచి పోయుట వారు క్రమముగా నేర్చుకొనిరి.

మేము మెట్రిక్కు వఱకే చదివి, గుమాస్తాగా లెక్కల పుస్తకముల మధ్య వయసు గడపినవారము. అందుచేత ఈ వ్యాపారపు లెక్క మమ్ము ఆకర్షించును. బిళ్ళ యొక్కటింట మిగులు లాభము అణువంత. అది కోట్లుగా అమ్ముడుపోయిననే ఇల్లు నిలుచును. పంచదార వెల పెరిగినను బిళ్ళ వెల పెంచుటకు వీలు లేదు. ఏలయన పిల్లవాని చేతిలోనిది ఒక్కటే నాణెము. ఆ నాణెమునకు పైన ఉన్నది మఱియొక పెద్ద నాణెమే గాని నడుమ ఏదియు లేదు. కావున బిళ్ళ కొంచెము చిక్కిపోవును. లేదా తయారీలో వ్యర్థము తగ్గింపవలెను. 2011 జూన్ 30 తరువాత పావలాయు, అంతకు లోపు నాణెములును చెల్లకుండ పోయినవి. పది పైసల బిళ్ళ, పావలా బిళ్ళ అను మాటలే అంతరించినవి. ఒక కాలమున చిల్లర లేదని అంగడివాడు మన చేత బిళ్ళలు పెట్టుచుండెను. అనగా ఆ బిళ్ళయే నాణెముగా చెల్లినది. టంకశాల లేని ఇంటికి అంతకంటె గౌరవ మేమున్నది?

అన్ని ఇండ్లవలె ఈ యిల్లును భాగములైనది. మోహన్‌లాల్ సంతతిలో మిఠాయి, బిస్కత్తులు ఒక శాఖకు, శీతల పానీయములు జయంతీలాల్ శాఖకు వచ్చినవి. ఆ రెండవ శాఖలో రమేశ్ చౌహాన్ కాలమున 1977 లో థమ్స్ అప్ పుట్టినది. 1993 లో ఆ పానీయములను అమెరికావారి కోకా కోలా సంస్థకు అమ్మివేసిరి. ఆయన నీళ్ళ సీసాల వ్యాపారమున నిలిచెను. సోదరుని పక్షమున పార్లే ఆగ్రో యను మఱియొక సంస్థ వెలసి, 1985 లో ఫ్రూటీ మామిడి పానీయమును తెచ్చెను. పొలము పంచుకొనవచ్చును, యంత్రములు పంచుకొనవచ్చును. పేరు పంచుకొనుట యెట్లు? పార్లే ఆగ్రోవారు మిఠాయి బిళ్ళలు చేయ మొదలిడగా, మిఠాయిపై పార్లే యను పేరు ఎవరు వాడవలెనను తగవు న్యాయస్థానము దాక పోయెను. పేరు విలువ పాత్ర సామానుల విలువకంటె ఎంత పెద్దదో ఆ తగవే చెప్పుచున్నది. అయినను మూల సంస్థ పరుల చేతికి పోక నేటికిని చౌహాన్ కుటుంబము చేతిలోనే యున్నది.

బొంబాయి పశ్చిమపు రైలులో ఆఫీసులకు పోయి వచ్చిన మా వంటి గుమాస్తాలకు విలే పార్లే స్టేషను వచ్చినదని చెప్పుటకు పలక చూడనక్కర లేదు. కాలుచున్న బిస్కత్తుల వాసన కిటికీలో నుండి వచ్చి చెప్పెడిది. ప్రక్కన నిద్రించువారును ముక్కు ఎగబీల్చి కన్ను తెరచెడివారు. 2016 లో ఆ కర్మాగారమున తయారీ నిలిపివేసిరి. 87 సంవత్సరములు పొగలు వెడలిన గొట్టము చల్లారెను. సరుకు దేశమునందలి ఇతర కర్మాగారములలో తయారగుచున్నది. పేరు మాత్రము పల్లెదే. ఊరిలో పని పోయినను, ఊరి పేరు పనిని వదలలేదు.

ఈ కథకు ప్రక్కన మఱి రెండు కుటుంబముల కథలు పెట్టి చూచిన విషయము స్పష్టపడును. మొదటిది మహారాష్ట్రములోనిదే. మన పద్మశాలీలు వేల కుటుంబములుగా మగ్గములు పాతుకొన్న షోలాపురమున 1882 లో పుట్టిన వాల్‌చంద్ హీరాచంద్, గుజరాతు నుండి వచ్చి స్థిరపడిన జైన కుటుంబమువాడు. 1941 లో విశాఖపట్టణమున ఓడల నిర్మాణశాలకు పునాది వేయించిన సింధియా సంస్థకు అధిపతి ఆయనయే. నాసిక్ జిల్లాలోని రావళ్‌గావ్ అను పల్లెలో చెఱకు వేయించి, 1933 లో పంచదార సంస్థను స్థాపించెను; 1942 నుండి ఆ పల్లె పేరుననే మిఠాయిలు వెలువడినవి. పాన్ పసంద్ బిళ్ళ ఎఱుగని ఇల్లు మహారాష్ట్రమున లేదు. 2024 లో ఆ బిళ్ళల పేర్లను, తయారీ రహస్యములను రిలయన్సు వారి సంస్థకు 27 కోట్ల రూపాయలకు అమ్మిరి. భూమి, కట్టడములు, యంత్రములు అమ్మినవారి యొద్దనే నిలిచినవి. ఇచ్చట నేల మిగిలి పేరు పోయెను.

రెండవది మన తెలుగువారిది. తెలుగు, తమిళము, కన్నడము ఒకే సంతలో వినబడు చిత్తూరు పట్టణమున 1952 లో బి. వెంకటరామరెడ్డి గారు న్యూట్రిన్ మిఠాయి సంస్థను నెలకొల్పిరి. బెల్లపు వ్యాపారమునకు పేరుపొందిన ఆ సీమ నుండి వెడలిన మిఠాయిలు దేశమంతటను తిరిగినవి; మహా లాక్టో బిళ్ళ పేరు వినని పిల్లవాడు దక్షిణాదిన లేకుండెను. పరరాష్ట్రములలో నున్న మన పిల్లలు అంగడిలో దానిని కొనునప్పుడు అది తెలుగు నేల నుండి వచ్చినదని ఎంతమందికి తెలియును? 2006 లో ఆ సంస్థను గోద్రెజ్ వారు కొనిరి. 2007 లో అమెరికావారి హెర్షీ సంస్థ వచ్చి పెద్ద వాటాదారయ్యెను. 2012 లో మిగిలిన వాటాయు హెర్షీకే చేరెను. ఇచ్చట పేరు నిలిచి కుటుంబము తప్పుకొనెను.

అమ్ముకొనుట తప్పని మేము అనము. సంతానము వేఱు విద్యలకు పోవచ్చును. పెట్టుబడి పెద్దదై ఇంటి శక్తికి మించవచ్చును. పెద్ద సంస్థల పోటీకి చిన్న యిల్లు ఆగలేకపోవచ్చును. మనలోను మగ్గము విడిచినవారు, తాపీ విడిచినవారు, అంగడి మూసినవారు కలరు. వారి బిడ్డలు గౌరవముగానే జీవించుచున్నారు. కాని పని పోయిన వెనుక దాని వృత్తాంతము కూడ పోవుట నష్టము. పార్లే వారి మొదటి 12 మంది సంగతి మనకు తెలియుటకు కారణము ఆ యింటివారు దానిని మఱువక చెప్పుకొనుటయే. పార్డీ నుండి వచ్చితిమని వారు దాచలేదు. పార్లే వారమని చెప్పుకొనుటకు జంకలేదు. రెండు ఊళ్ళును వారివే.

మన కుటుంబములలో ఇప్పటికి నాల్గవ, ఐదవ తరము నడచుచున్నది. పిల్లలు ఇంటిపేరులోని ఊరు ఏ జిల్లాలో నున్నదో ఎఱుగరు. తాతముత్తాతలు ఈ ఊరు వచ్చినప్పుడు మొదట ఏ పని చేసిరో అడుగరు. చెప్పగల వృద్ధులు ఏటికేడు తగ్గిపోవుచున్నారు. కావున ఈ సంచిక చదువు ప్రతి కుటుంబమువారికి మా మనవి యొకటి. ఏ సంవత్సరమున వచ్చిరి, ఏ ఊరి నుండి వచ్చిరి, వెంట ఎవరెవరు వచ్చిరి, మొదటి కూలి యెంత, మొదటి అద్దె యిల్లు ఏ వీధిలోనిది, ఆదుకొన్న ఇరుగుపొరుగు ఎవరు అను సంగతులు ఒక్క కాగితమున వ్రాసి పెట్టుడు. తెలుగున వ్రాయగలవారు తెలుగున, చేతకానివారు నేర్చిన లిపిలోనైనను వ్రాయుడు. ఆ కాగితములను సంఘమువారు ఒక చోట కూర్చి భద్రపఱచిన మేలు. మనకు కర్మాగారములు లేకపోవచ్చును. మన పిల్లలు మాత్రము తాము మోయుచున్న ఊరి పేరేదో, తమ్ము మోయుచున్న ఊరేదో తెలిసి పెరుగవలెను.